పట్టా కంటే ముందు పుట్టిన పని

మన దేశంలో గ్రంథపాలకుల శిక్షణ గురించి చెప్పే పాఠ్యపుస్తకాలు బరోడాలో మొదలవుతాయి, లాహోరు మీదుగా మద్రాసు చేరతాయి. దారిలో బెజవాడ దగ్గర ఒక్క వాక్యం సేపు ఆగుతాయి. 1920లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడ గ్రంథాలయ కార్యకర్తలకు శిక్షణ తరగతులు నడిపిందని ఆ వాక్యం చెబుతుంది. తర్వాతి పేరా రంగనాథన్‌ది.

గుంటూరు జిల్లా డెల్టా ఊళ్లలో శాఖా గ్రంథాలయాలు నడిపి రిటైరైనదాన్ని నేను. ఆ ఒక్క వాక్యం దగ్గర నాకు ఇంకాసేపు ఆగాలనిపిస్తుంది. సర్టిఫికెట్ కోర్సుతో ఉద్యోగంలో చేరాను. ఉద్యోగం చేస్తూనే బి.లిబ్., ఆ తర్వాత ఎం.లిబ్. చదివాను. ఈ చదువు చరిత్రను ఎటు తిప్పి చూసినా నాకు కనబడేది ఒకటే. మన తెలుగు నేల మీద ఈ పని ముందు పుట్టింది, పట్టా తర్వాత వచ్చింది. వచ్చేటప్పుడు ఆ పనిలోని ఒక ముఖ్యమైన పాఠాన్ని వెనకే వదిలేసి వచ్చింది. ఆ పాఠమేమిటో చెప్పాలంటే బెజవాడ నుంచే మొదలుపెట్టాలి.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్లంతా ఒకచోట కూడారు. అప్పటికే రాజమహేంద్రవరంలో నాళం కృష్ణారావు గారు పెట్టిన వసురాయ గ్రంథాలయం ఉంది. హైదరాబాదులో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. చిన్నాచితకా పఠన మందిరాలు పల్లెల్లో చాలానే వెలిశాయి. ఏ ఊరి గ్రంథాలయం ఆ ఊరి ఉత్సాహం మీద నడిచేది, ఆ ఉత్సాహం చల్లారితే మూతపడేది. వాటన్నిటినీ ఒక సంఘంగా కూర్చాలని పూనుకున్న అయ్యంకి వెంకటరమణయ్య గారికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చిన్నతనం నుంచే రేచీకటితో బాధపడి, రాత్రిళ్లు తోటివాళ్లు చదివిపెడుతుంటే విని చదువుకున్న మనిషి ఆయన. ఒకరు చదవడం, ఒకరు వినడం అనేది మన గ్రంథాలయోద్యమానికి మొదటి రోజు నుంచీ తెలిసిన పద్ధతి అనడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

అది తప్పని పద్ధతి కూడా. 1921 జనాభా లెక్కల నాటికి దేశం మొత్తం మీద చదువొచ్చినవాళ్లు నూటికి ఏడెనిమిది మందికి మించలేదు. అలాంటి చోట పల్లెటూళ్లో గ్రంథాలయం పెట్టడమంటే బీరువా కొని పుస్తకాలు సర్దడంతో అయ్యేది కాదు. సాయంత్రం రచ్చబండ దగ్గర పత్రిక బిగ్గరగా చదివి వినిపించాలి. రాత్రి బడి నడపాలి. హరికథ చెప్పించాలి, భజన పెట్టించాలి, వచ్చిన జనానికి ఆ నాలుగు మాటల మధ్యలో పుస్తకం సంగతి ఎత్తాలి. చందాలు దండాలి. ఇచ్చిన పుస్తకం తిరిగి రాకపోతే ఆ ఇంటికి వెళ్లి నొప్పించకుండా అడగాలి. జీతం లేదు. ఇదంతా చేసేవాళ్లను అప్పట్లో కార్యకర్త అనేవాళ్లు, సేవకుడు అనేవాళ్లు. 1920లో బెజవాడలో తరగతులకు కూర్చున్నది ఇలాంటి వాళ్లే. పట్టా కోసం వచ్చినవాళ్లు కారు. ఊరికి తిరిగి వెళ్లి అదే పనిని ఇంకొంచెం కుదురుగా చేద్దామని వచ్చారు.

ఆ తరంలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరు కూడా ఇక్కడ చెప్పాలి. పత్రికలో రాసిన వ్యాసానికి 1908లో రాజద్రోహం కింద జైలుకు వెళ్లిన మనిషి. బయటికొచ్చాక జీవితంలో చాలా భాగం గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ పెట్టారు. ఆయన దృష్టిలో అవి రెండు పనులు కావు, ఒకటే పని. చదవడం రానివాడికి పుస్తకం అందుబాటులోకి తేవాలంటే ముందు అక్షరం నేర్పాలి. అది నేర్చేలోపు చదివి వినిపించాలి. ఇంత సూటి సంగతిని మా ఎం.లిబ్. పేపర్లలో నేను ఎక్కడా చూడలేదు.

ఇక పడమటి దారి చూద్దాం. గ్రంథపాలనను ఒక బడిలో పాఠంగా చెప్పడం అమెరికాలో మెల్విల్ డ్యూయీ మొదలుపెట్టారు. న్యూయార్కు కొలంబియా కాలేజీలో 1887 జనవరిలో తొలి తరగతి. ఇరవై మంది విద్యార్థులు, అందులో పదిహేడు మంది ఆడవాళ్లు. ఆడపిల్లలను తరగతి గదుల్లోకి రానివ్వని కాలేజీ అది, అందుకని యాజమాన్యం గది ఇవ్వలేదు. ఆయన ఒక సామాన్ల గదిని ఖాళీ చేయించి పాఠం చెప్పారు. రెండేళ్లకే ఆ బడి ఆల్బనీకి తరలిపోవాల్సి వచ్చింది. మా వృత్తిలో ఆడవాళ్లు ఇంతమంది ఎందుకున్నారని ఎవరైనా అడిగితే నేను ఆ సామాన్ల గది గురించి చెబుతాను.

ఆ దారే మన దేశానికి వచ్చింది. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ అమెరికా నుంచి విలియం బోర్డెన్‌ను 1910లో పిలిపించి తన సంస్థానంలో గ్రంథాలయాలు కట్టించారు. మరుసటి ఏడాదే శిక్షణ తరగతి పెట్టించారు. 1915లో లాహోరులో పంజాబు విశ్వవిద్యాలయం ఆసా డాన్ డికిన్సన్ అనే మరో అమెరికన్‌ను రప్పించింది. విశ్వవిద్యాలయంలో ఈ పాఠం చెప్పడం మన ఉపఖండంలో అదే మొదలు. బరోడాకూ బెజవాడకూ సంబంధం లేకపోలేదు. 1919లో మద్రాసులో అయ్యంకి వారు పూనుకుని జరిపించిన అఖిల భారత ప్రజా గ్రంథాలయ సభకు అధ్యక్షత వహించింది బరోడా గ్రంథాలయాధికారి కుడాల్కర్. కానీ అక్కడ పని నడిపించింది రాజు ఖజానా, ఇక్కడ నడిపించింది ఊరివాళ్ల చందా.

షియాలి రామామృత రంగనాథన్ సంగతి దగ్గర మాత్రం నేను తీరిగ్గా ఆగుతాను. నా చదువంతా ఆయన కట్టిన ఇంట్లోనే సాగింది. అప్పటి తంజావూరు జిల్లా శీర్కాళి ఆయన సొంతూరు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి గ్రంథపాలకుడిగా చేరారు. చేరిన కొద్దిరోజులకే ఆ నిశ్శబ్దం భరించలేక, మళ్లీ పిల్లలకు లెక్కలు చెప్పుకుంటానని వెనక్కి వెళ్లిపోబోయారు. ఎలాగూ ఇంగ్లండు ప్రయాణం ఖాయమైంది, వెళ్లి చూసి వచ్చాక కూడా విసుగే అనిపిస్తే అప్పుడు తీసుకుంటామని పెద్దలు నచ్చజెప్పారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 1919లోనే ఈ చదువుకొక బడి పెట్టారు. అక్కడ డబ్ల్యూ.సి. బెర్విక్ సేయర్స్ దగ్గర ఆయన వర్గీకరణ నేర్చుకున్నారు. ఖాళీ దొరికితే అక్కడి గ్రంథాలయాలు తిరిగి చూశారు. పిల్లలూ కూలీలూ గృహిణులూ వచ్చి పుస్తకాలు పట్టుకుపోతుండటం చూశాకే ఆయనకు ఈ పని మీద మనసు నిలిచింది. ఇది గమనించాలి. ఆయన్ను వృత్తిలో నిలబెట్టింది తరగతిలో విన్న పాఠం కంటే కౌంటరు ముందు నిలబడిన జనమే.

లండన్‌లో ఒక పెద్ద దుకాణంలో మెకానో బొమ్మల సెట్టు చూశారట. అవే ఇనప పట్టీలు, అవే చక్రాలు, అవే మరలు. కలిపే తీరు మారిస్తే ఒక్కోసారి ఒక్కో బొమ్మ. పుస్తకాల వర్గీకరణ కూడా ఇలా ఎందుకు ఉండకూడదని ఆయనకు తట్టింది. డ్యూయీ పద్ధతిలో లోకంలోని విషయాలన్నిటికీ ముందే గళ్లు కట్టి ఉంటాయి, పుస్తకం వచ్చి ఆ గడిలో కూర్చోవాలి. రంగనాథన్ పద్ధతిలో విషయాన్ని ముక్కలుగా విడదీసి, ఆ ముక్కల అంకెలను కోలన్ గుర్తుతో కలిపి, ఆ పుస్తకానికే తగిన నంబరు కట్టుకోవచ్చు. 1933లో అచ్చయిన ఆ పద్ధతికి కోలన్ వర్గీకరణ అని పేరు.

నాలాంటివాళ్లకు ఇది పరీక్షల కోసం బట్టీ కొట్టే విషయం కాదు. డ్యూయీలో సాహిత్యమంతా ఎనిమిది వందల గడిలో ఉంటుంది. అమెరికాకు 810, ఇంగ్లీషుకు 820, జర్మనుకు 830 అలా వెళ్లి, యూరపు భాషలు తమ వాటా తాము తీసుకున్నాక మిగిలిన భాషలన్నీ 890లో సర్దుకోవాలి. తెలుగు సాహిత్యం చేరాలంటే 894.827 దాకా నడవాలి. కోలన్‌లో సాహిత్యానికి గుర్తు ఓ. ఇంగ్లీషు 111, తెలుగు 35. ఓ35 అనగానే మన సాహిత్యం వచ్చేస్తుంది. పక్కన కామా పెట్టి 1 వేస్తే కవిత్వం, 2 వేస్తే నాటకం, 3 వేస్తే నవల. ఆ తర్వాత రచయిత పుట్టిన ఏడు. 1800 నుంచి 1899 దాకా ఎల్, 1900 నుంచి ఎం. అంటే ఓ35,1ఎం10 అంటే 1910లో పుట్టిన తెలుగు కవి, శ్రీశ్రీ. ఓ35,3ఎల్95 అంటే 1895లో పుట్టిన నవలాకారుడు, విశ్వనాథ సత్యనారాయణ. బి.లిబ్. ప్రాక్టికల్స్‌లో మొదటిసారి ఈ నంబర్లు కట్టినప్పుడు, మన భాషను చివరి గడిలోకి నెట్టని ఒక లెక్క ఉందని తెలిసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

బడి సంగతికొస్తే, 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం పెట్టి, మరుసటి ఏడాది వేసవిలో ఆ సంఘం తరఫున రంగనాథన్ శిక్షణ పాఠశాల తెరిచారు. 1931లో మద్రాసు విశ్వవిద్యాలయం దాన్ని తన కిందికి తీసుకుంది. గ్రంథాలయ శాస్త్రానికి ఆయన చెప్పిన అయిదు సూత్రాల పుస్తకం వెలువడిందీ ఆ ఏడాదే. 1937లో అది డిగ్రీ చదివినవాళ్లకు ఏడాది పొడవునా సాగే డిప్లొమా అయింది. బెజవాడలో జరిగిందే మద్రాసులోనూ జరిగింది, గమనించండి. మొదట సంఘం, దాని వేసవి బడి, ఆ తర్వాతే విశ్వవిద్యాలయం.

మన వైపు 1935 నాకు చాలా ముఖ్యమైన సంవత్సరం. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథపాలనలో డిప్లొమా మొదలుపెట్టింది ఆ ఏడే. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రోజులవి. దేశంలో విశ్వవిద్యాలయాలు ఈ విషయంలో డిప్లొమాలు ఇవ్వడానికి ఇంకా తటపటాయిస్తున్న కాలంలో మన విశ్వవిద్యాలయం ముందడుగు వేసింది. సరిగ్గా అదే ఏడాది గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు పడవ గ్రంథాలయం మొదలుపెట్టారు. పెదపాలెం నుంచి కొల్లూరు దాకా కాలువలో నడిచే పడవలో పుస్తకాలు పెట్టి, దారిలో ఊళ్లవాళ్లకూ ప్రయాణికులకూ అందించారు. రోడ్లు లేని డెల్టాలో జనం తిరిగేది పడవల్లోనే, కాబట్టి పుస్తకమూ పడవే ఎక్కింది.

మా అమ్మమ్మ పుట్టిల్లు ఆ కాలువ గట్టునే. పడవ ఆగగానే వాళ్ల అన్నయ్య పరుగెత్తి వెళ్లి పుస్తకం తెచ్చేవాడని, రాత్రి వంటలయ్యాక దీపం దగ్గర చదువుతుంటే ఆడవాళ్లంతా చుట్టూ చేరేవాళ్లని ఆవిడ చెప్పేది. ఆవిడకు చదవడం రాదు. ఐనా ఏ నవలలో ఎవరు ఎవర్ని పెళ్లాడారో చివరిదాకా గుర్తుపెట్టుకుని చెప్పేది. ఎన్నో ఏళ్ల తర్వాత ఎం.లిబ్.లో పాఠకుల అధ్యయనం అనే పేపరు చదువుతున్నప్పుడు, పాఠకుడంటే సభ్యత్వ కార్డు ఉన్నవాడని ఇచ్చిన నిర్వచనం దగ్గర నేను ఆగిపోయాను. మా అమ్మమ్మ ఏ లెక్కలోకి వస్తుంది?

వాల్తేరులో డిప్లొమా, పెదపాలెం కాలువలో పడవ. ఆ రెండూ ఒకే ఏడాది మొదలైనా ఒకదాని పాఠం ఇంకొకదానికి చేరలేదు. డిప్లొమాలో వర్గీకరణ, కేటలాగు, గ్రంథాలయ నిర్వహణ పాఠాలయ్యాయి. పడవ మాత్రం సిలబస్ ఎక్కలేదు. పాతూరి వారు ఊరుకోలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో విజయవాడలో సర్వోత్తమ భవనం కేంద్రంగా ఆయన కార్యకర్తలకు శిక్షణ ఇస్తూనే ఉన్నారు. మా జిల్లాలో నాకంటే ముందు తరం గ్రంథపాలకులు చాలామంది ఆ నీడన తయారైనవాళ్లే. వాళ్ల దగ్గర నేర్చుకున్నవి నాకు తర్వాత ఏ తరగతిలోనూ దొరకలేదు. అక్సెషన్ రిజిస్టరు పొరపాటు లేకుండా రాయడం, చిరిగిన పుస్తకానికి మైదా పిండి జిగురుతో వెన్ను అంటించడం దగ్గర్నుంచి, కొత్తగా వచ్చిన పిల్లాడు ఏ బీరువా వైపు ఎంతసేపు చూస్తున్నాడో గమనించి ఏమీ అడక్కుండానే ఆ పుస్తకం బయటికి తీసి బల్ల మీద పెట్టడం దాకా.

తెలంగాణ దారి ఇంకా కఠినమైంది. నిజాం పాలనలో సభ పెట్టుకోవాలన్నా అనుమతి కావాలి, గ్రంథాలయం పెట్టినా అనుమానమే. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు గార్ల పూనికతో రావిచెట్టు వారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్ర భాషా నిలయం వచ్చింది. తెలుగు చదువుకు సర్కారీ బడుల్లో చోటు లేని రోజుల్లో ఇవే తెలుగు బడులు. వట్టికోట ఆళ్వారుస్వామి గారు దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ఆయన చదివింది ఏ విశ్వవిద్యాలయంలోనూ కాదు. ఐనా పుస్తకాన్ని పాఠకుడి గుమ్మం దాకా చేర్చడంలో ఆయన్ను మించిన గ్రంథపాలకుణ్ణి చూపించమంటే నేను చూపించలేను.

ఈ పనికి జీతం, ప్రభుత్వ ఉద్యోగమనే హోదా చట్టాలతో వచ్చాయి. 1948 మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం స్వతంత్ర భారతంలో మొట్టమొదటిది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే కాబట్టి అది మనకూ వర్తించింది. 1955లో హైదరాబాదు రాష్ట్రం తన చట్టం తెచ్చుకుంది. రెండిటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు, ఆస్తిపన్ను మీద గ్రంథాలయ సెస్సు, కేంద్ర గ్రంథాలయం, శాఖా గ్రంథాలయం, పుస్తక నిక్షిప్త కేంద్రం అనే అంచెలు, గ్రేడుల వారీ గ్రంథపాలకులు, ఇదంతా ఆ చట్టాలు ఇచ్చిన రూపమే. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు మా పద్దు. ఆ పైసలు పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసి మాకు జమ చేయాలి. జమ కాక బకాయిలు పేరుకుపోయినప్పుడల్లా ముందు ఆగేది కొత్త పుస్తకాల కొనుగోలు, ఆ తర్వాత ఖాళీ పోస్టుల భర్తీ. నా సర్వీసంతా ఈ క్రమమే చూశాను. ప్రజలు కట్టిన పైసలు ప్రజల పుస్తకాలకు చేరకపోవడం కంటే నాకు ఈ ఉద్యోగంలో బాధ కలిగించింది ఇంకొకటి లేదు.

పోస్టులు వచ్చాయి కాబట్టి అర్హతలు కావాల్సి వచ్చాయి. గ్రేడ్ త్రీకి సర్టిఫికెట్, పైవాటికి డిగ్రీ, కాలేజీలకు మాస్టర్స్. అప్పటికి పై చదువులు కూడా సిద్ధమవుతున్నాయి. రంగనాథన్ మద్రాసు వదిలి కాశీ వెళ్లి, అక్కడి నుంచి 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1951 నాటికి అక్కడ ఎం.లిబ్. పట్టాలు ఇస్తున్నారు. 1957లో డి.బి. కృష్ణారావు అనే పరిశోధకుడికి వ్యవసాయ శాస్త్రపు వర్గీకరణ మీద రాసిన సిద్ధాంత గ్రంథానికి ఢిల్లీ డాక్టరేటు ఇచ్చింది. ఈ విషయంలో మన దేశంలో తొలి పి.హెచ్‌డి. అదే. రంగనాథన్ తన జీవితకాలపు పొదుపు లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికిచ్చి, భార్య శారద గారి పేరుతో ఈ శాస్త్రానికి ఒక ఆచార్య పీఠం ఏర్పాటు చేయించింది కూడా ఆ రోజుల్లోనే. కాలేజీ గ్రంథపాలకుడికి అధ్యాపకుడితో సమానమైన జీతం ఉండాలని యూజీసీ సంఘం అధ్యక్షుడిగా ఆయన గట్టిగా చెప్పారు. ఈ రోజు కాలేజీ లైబ్రేరియన్లు పొందుతున్న స్కేలు ఆ పట్టుదల ఫలితం. మన దగ్గర 1959లో ఉస్మానియాలో ఈ శాఖ తెరిచారు.

నాలాంటి వాళ్లకు తలుపు తెరిచింది మాత్రం సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో హైదరాబాదులో పెట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1985లో బి.లిబ్. దూరవిద్యలో మొదలుపెట్టింది. దాన్నే తర్వాత అంబేడ్కర్ గారి పేరుతో పిలుస్తున్నారు. రెగ్యులర్ కోర్సుకు ఏడాది సెలవు ఎవరిస్తారు? శాఖ తాళం చెవి నా దగ్గరే, ఊడ్చేదీ నేనే, ఇష్యూ చేసేదీ నేనే. పోస్టులో వచ్చిన పాఠాలు రాత్రిళ్లు చదివి, ఆదివారం కాంటాక్టు క్లాసులకు బస్సెక్కి వెళ్లేదాన్ని. మా తరగతిలో సగానికి సగం మంది అప్పటికే గ్రంథాలయాల్లో పనిచేస్తున్నవాళ్లు. పాఠం చెప్పే మాస్టారు విషయ శీర్షికల సియర్స్ లిస్టులో ఫలానా శీర్షిక ఇవ్వండి అంటే, మా ఊళ్లో ఆ పేరుతో ఎవరూ అడగరండీ అని వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు లేచేవారు. ఆ వాదనలే నాకు అసలు చదువు.

పేర్ల గొడవ ఒకటి చెబుతాను. కేటలాగు కార్డు మీద రచయిత అసలు పేరు ముందు రాసి, ఇంటిపేరు కుండలీకరణంలో వెయ్యమని మాకు నేర్పారు. ఆ లెక్కన సత్యనారాయణ (విశ్వనాథ). మా ఊరి పాఠకుడు వచ్చి విశ్వనాథ పుస్తకాలున్నాయా అంటాడు. అదే పాఠకుడు గుడిపాటి అనడు, చలం అంటాడు. గిడుగు అంటాడు, గురజాడ అంటాడు, కానీ శ్రీరంగం అనడు. తెలుగువాడు ఏ రచయితను ఇంటిపేరుతో పిలుస్తాడో, ఎవర్ని సొంత పేరుతో పిలుస్తాడో తేల్చే నియమం ఏ కోడులోనూ లేదు. అందుకే నేను పనిచేసిన శాఖల్లో ప్రతి పెద్ద రచయితకూ రెండో కార్డు రాసి, ఫలానా పేరు దగ్గర చూడండి అని పెట్టాను. పరీక్షలో దీనికి మార్కులు లేవు. కౌంటరు దగ్గర మాత్రం ఇదే నా పరువు నిలబెట్టింది.

ఎం.లిబ్. చివర్లో డిసర్టేషన్ రాయాలి. నేను చదివి వినిపించడం గురించి రాశాను. సాయంత్రం పూట మా శాఖ అరుగు మీద చూపు తగ్గిన పెద్దవాళ్లకు పేపరు చదవడం నాకు అలవాటు. ఒక పెద్దాయన రోజూ వచ్చి, అమ్మాయ్, ముందు వర్షం సంగతి చూడు, ఆ తర్వాత ధరలు, రాజకీయం చివర్లో అనేవారు. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వేటపాలెం వెళ్లాను. అక్కడి సారస్వత నికేతనం 1918లో ఊరి యువకులు పెట్టుకున్నది. భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో ఇప్పటికీ అక్కడికి వస్తారు. ఆ పాత పత్రికల్లో గ్రంథాలయ యాత్రల వార్తలు, పఠన సభల ప్రకటనలు చదువుతుంటే, నేను అరుగు మీద చేస్తున్నది నా సొంత ఆలోచన కాదని అర్థమైంది. వైవాలో మాత్రం ఒక ఆచార్యులు ఇది లైబ్రరీ సైన్సు కాదమ్మా, సంఘ సేవ అన్నారు. ఆ రెండూ వేరని ఎప్పుడు తీర్మానించుకున్నారో అడుగుదామనుకున్నాను, అడిగాను కూడా. పాసు మార్కులు వచ్చాయి.

ఆ తర్వాత కోర్సు పేరులో సమాచార శాస్త్రం చేరింది. కంప్యూటర్లు వచ్చాయి, కార్డు బీరువాలు పక్కకు వెళ్లాయి. న్యూజీలాండ్‌లో పుట్టిన కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు మన కాలేజీ పిల్లలు చకచకా నడుపుతున్నారు. నాకు ఆ మార్పు మీద ఫిర్యాదు లేదు. కార్డు మీద నేను రెండు పేర్లు రాయడానికి పడ్డ పాటు ఇప్పుడు ఒక్క మీట నొక్కితే తీరుతుంది. సెట్టు, నెట్టు రాసి కాలేజీల్లో, పరిశోధన సంస్థల్లో, ఆసుపత్రుల్లో, కంపెనీల్లో మంచి ఉద్యోగాలకు వెళ్తున్నవాళ్లను చూస్తే గర్వంగా ఉంటుంది. నా బాధల్లా శాఖా గ్రంథాలయం గురించి. అక్కడ మనిషి రిటైరైతే కుర్చీ ఖాళీగా ఉంటుంది, ఒకరే రెండు మూడు శాఖలు చూసుకోవాలి. పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు పొద్దున్నే వచ్చి తలుపు దగ్గర కూర్చుని ఉంటారు. వాళ్లకు కావలసింది ఖాళీ బల్ల, నాలుగు పేపర్లు, ఆ పుస్తకం ఇక్కడుంది బాబూ అని చెప్పే ఒక మనిషి. ఆ మనిషిని తయారుచేసే పాఠం 1920లో ఉంది. ఇప్పుడు ఎం.లిబ్.లో లేదు. దాన్ని మళ్లీ సిలబస్‌లో పెట్టాలని నేను కలిసిన ప్రతి ఆచార్యుణ్ణీ అడుగుతూనే ఉన్నాను. వర్గీకరణకు ఒక ప్రాక్టికల్, కేటలాగుకు ఒక ప్రాక్టికల్ ఉన్నట్టే, ఒక పల్లె శాఖలో ఒక నెల కూర్చుని జనంతో పనిచేసే ప్రాక్టికల్ ఉండాలి. దానికి మార్కులుండాలి.

అది వచ్చేలోపు, ఎం.లిబ్. చదువుతూ డిసర్టేషన్‌కు ఏం తీసుకోమంటారు మేడమ్ అని అడిగే పిల్లలకు నేను ఒక్కటే సలహా చెబుతాను. మీ ఊళ్లోనో మీ అమ్మగారి ఊళ్లోనో స్వాతంత్ర్యానికి ముందు పెట్టిన గ్రంథాలయం తప్పకుండా ఒకటి ఉండి ఉంటుంది, వెతకండి అంటాను. భవనం పడిపోయి ఉండొచ్చు, పుస్తకాలు చెదలు తినేసి ఉండొచ్చు. కానీ చందాల పుస్తకం, సమావేశాల మినిట్స్, సభ్యుల రిజిస్టరు ఎవరో ఒకరి ఇంట్లో అటక మీద ఉంటాయి. వాటిని తెచ్చి స్కాన్ చేయండి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారు, ఎన్నాళ్లు ఉంచుకున్నారు, చదివి వినిపించేందుకు ఎవరిని నియమించుకున్నారు, ఆడవాళ్ల పేర్లు ఏ ఏట మొదలయ్యాయి, ఇవన్నీ పట్టికలు వేయండి. పాఠకుల అధ్యయనం అంటే అదే. రేపల్లె వైపు ఒక అమ్మాయి ఈ పని చేసింది. తన ముత్తాత తరం వాళ్లు రాసిన రిజిస్టరులో అప్పు పుస్తకాల పక్కన చదివించుకున్నవారు అని ఇంకో గడి కనిపించిందట. చదవడం రానివాళ్ల పేర్లకు కూడా అందులో చోటుంది. ఆ గడిని ఏ శీర్షిక కింద పెట్టాలని అడిగింది. పాఠకులు అనే శీర్షిక కిందే పెట్టమన్నాను.